సోర్స్ నుంచి సాఫ్ట్‌వేర్ దాకా

మంచిర్యాల జిల్లా కాసిపేట మండలంలోని దేవాపూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. సున్నపురాయిని, మట్టిని కలిపి సుమారు 1450 డిగ్రీల వేడిలో కాలిస్తే క్లింకర్ తయారవుతుంది. దానికి జిప్సం చేర్చి నూరితే సిమెంటు. సంచిలోకి ఎక్కాక ఏది ఎంత పడిందో కంటికి ఆనదు.

కంప్యూటర్ ప్రోగ్రామూ అంతే. మనిషి రాసింది సోర్స్. కంపైలర్ దాన్ని యంత్రభాషలోకి మార్చాక మనం చదవగలిగేది దాదాపు ఏమీ మిగలదు. లైనక్స్‌లో చాలా ప్రోగ్రాములు సిద్ధమైన ప్యాకేజీలుగా దొరుకుతాయి. కావాలంటే సోర్స్ తెచ్చుకుని మన కంప్యూటర్ మీదే తయారు చేసుకోవచ్చు. ఆ పనులను వరుసగా చేయించే ఆదేశాల చిట్టాయే బిల్డ్ స్క్రిప్ట్.

అక్షరదోషాలు పట్టే గ్నూ ఆస్పెల్‌కు తెలుగు నిఘంటువు ఉంది. అది టార్ మూటగా వస్తుంది. మూట విప్పి మూడు ఆదేశాలివ్వాలి: కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్.

బొగ్గు గనిలో షిఫ్టు వాళ్లు పనికి దిగకముందే భద్రత చూసే సర్దార్ వెళ్లి రూఫ్, గాలి, గ్యాస్ చూసి వస్తాడు. కాన్ఫిగర్ చేసేదీ అదే. ఆస్పెల్ ఉందా, ఎక్కడుంది అని వెతుకుతుంది. లేకపోతే అక్కడే ఆగి, ఏది దొరకలేదో చెబుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే బెదిరిపోతారు. చివరి నాలుగు వరుసలు నిదానంగా చదివితే లోటేమిటో తెలుస్తుంది. అది వేసుకుని మళ్లీ నడిపితే చాలు.

మేక్‌ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ తయారు చేశారు. ఏ ఫైలు మారిందో చూసి, దాని మీద ఆధారపడిన వాటినే మళ్లీ కడుతుంది. మన నిఘంటువు విషయంలో, కుదించిన మాటల జాబితాను విప్పి, ఆస్పెల్ చప్పున వెతుక్కునే రూపంలోకి మారుస్తుంది. మేక్ ఇన్‌స్టాల్ ఆ ఫైళ్లను సిస్టమ్‌లో వాటి వాటి చోట్ల పెడుతుంది.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఏ ఫైలు ఎక్కడికి వెళ్లిందో లెక్క లేకపోతే రేపు తీసేయడం కష్టం. 1993లో ప్యాట్రిక్ వోల్కర్డింగ్ మొదలుపెట్టిన స్లాక్‌వేర్ అనే లైనక్స్ పంపిణీలో దీనికి చక్కటి పద్ధతి ఉంది. స్లాక్‌బిల్డ్ స్క్రిప్ట్ ఫైళ్లన్నిటినీ ముందు ఒక ఖాళీ ఫోల్డర్‌లో సర్ది, దాన్నే ప్యాకేజీగా కడుతుంది. దాన్ని వేసినప్పుడు ఫైళ్ల జాబితా సిస్టమ్‌లో నమోదవుతుంది. తీసేయాలంటే ఒక్క ఆదేశం.

స్క్రిప్ట్‌ను నడిపే ముందు చదవడం ఎందుకో 2024 మార్చిలో లోకానికి తెలిసొచ్చింది. ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాధనం 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. అందరూ చూసే సోర్స్ భాండాగారంలో లేని ఒక ముక్క, విడుదల చేసిన మూటలోని బిల్డ్ స్క్రిప్టులో ఉంది. పరీక్షల కోసమన్నట్టు పెట్టిన ఫైళ్లలో దాచిన విషాన్ని అది బయటికి తీసి కలిపేది. దానివల్ల లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడేది; అదేమని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ దాన్ని పట్టుకున్నారు. ఆయన దాన్ని విప్పి చూడగలిగింది స్క్రిప్టులు చదవడానికి తెరిచి ఉన్నందుకే.

సర్దార్ తాను చూసింది పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. తర్వాతి షిఫ్టు అది చదివి దిగుతుంది. బిల్డ్ స్క్రిప్టూ అలాంటి పుస్తకమే. ఇన్‌స్టాల్ చేయడానికి రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ కొట్టే ముందు ఒకసారి తెరిచి చదవండి.