పాలబండి క్లచ్ మార్చునప్పుడు ఫ్లైవీల్ సంగతి

క్లచ్ పోయిన పాలబండికి వచ్చిన కొటేషన్‌లో ఫ్లైవీల్ ధర కూడా చూసి కార్యదర్శులు ఉలిక్కిపడుచున్నారు. తనిఖీకి వెళ్ళినచోట మమ్ములను అడుగుచున్నారు.

పాత బండ్ల సాలిడ్ ఫ్లైవీల్ ఒకే ఇనుప చక్రం. గీతలు పడితే లేత్ మీద చెక్కించి వాడుకొనవచ్చును. 1985లో జర్మనీ కార్లలో ప్రవేశించిన డ్యూయల్ మాస్ రకం ఇప్పుడు మన డీజిల్ బండ్లు కొన్నింటిలోనూ ఉన్నది. అందులో రెండు చక్రాలు, నడుమ గ్రీజులో వంపు స్ప్రింగులు ఉండును. ఇంజను అదురును ఇవే మింగి గేరుబాక్సుకు చేరనీయవు. అవి అరిగితే లేత్ పని పనికిరాదు, మొత్తం మార్చవలసినదే.

గేరుబాక్సు దించిన రోజే పరీక్షించవలెను. చేతితో తిప్పినప్పుడు ప్లే కంపెనీ హద్దు దాటినా, గ్రీజు బయటికి చిమ్మినా దానిపై కొత్త క్లచ్ వేయించరాదు. మళ్ళీ దించవలసివస్తే కూలి రెండింతలు, ఆ పూట పాలు విరుగుట అదనం.

చౌకయని సాలిడ్‌కు మారవచ్చునా? ఆ ఇంజనుకే తయారైన పూర్తి కిట్ దొరికితే మారవచ్చును. అయితే క్లచ్ ప్లేటు మధ్యలో స్ప్రింగులు ఉండితీరవలెను. డ్యూయల్ మాస్ బండ్ల ప్లేటుకు సాధారణంగా అవి ఉండవు. ఆ ప్లేటునే సాలిడ్ చక్రానికి బిగించి "సరిపోయిందండీ" అనే మెకానిక్కులున్నారు. బిగువు సరిపోవును, అదురంతా గేరు పళ్ళపై పడును. సరైన ప్లేటు వేసినను కొంత గరగర తప్పదు.

బండితో ఏది వచ్చినదో అదే వేయించుట మేలని మా అభిప్రాయం. ఒకటి రెండేళ్ళలో అమ్మదలచిన బండికి కిట్ చాలును. ఏది వేయించినా ప్లేటు రకం, కొత్త ఫ్లైవీల్ బోల్టులు బిల్లులో వ్రాయించి ఓచరుకు జతపరచవలెను.