పెద్ద విమానమా, నేరుగా వెళ్లే విమానమా?



పోయిన నెల 9వ తరగతి సోషల్ క్లాస్‌లో మార్కెట్, డిమాండ్ గురించి చెబుతుంటే ఒక అబ్బాయి లేచి ఇలా అడిగాడు: "మేడమ్, అమెరికాలో ఉన్న మా బాబాయి వాళ్లింటికి వెళ్లాలంటే మా నానమ్మ భయపడుతోంది. ఫ్లైట్ ఎక్కడానికి కాదు, దుబాయ్‌లో దిగి ఇంకో ఫ్లైట్ మారడానికి. ఇక్కడి నుంచి నేరుగా ఎందుకు వేయరు?"

పిల్లలందరూ నవ్వారు. కానీ ప్రపంచంలోని రెండు పెద్ద విమానాల కంపెనీలు ఇదే ప్రశ్నకు రెండు వేర్వేరు జవాబులు ఇచ్చాయి. ఒక్కో జవాబు వెనుక వేల కోట్ల పెట్టుబడి ఉంది. ఆ కథ మీతోనూ పంచుకోవాలనిపించింది.

రెండు కంపెనీలు, రెండు అంచనాలు

పెద్ద ప్యాసింజర్ విమానాల తయారీలో ప్రధానంగా ఉన్నవి రెండే: అమెరికాకు చెందిన బోయింగ్, యూరప్‌కు చెందిన ఎయిర్‌బస్. 1990ల చివరికి రెండింటికీ ఒక విషయం స్పష్టంగా తెలుసు: రాబోయే 20 ఏళ్లలో విమాన ప్రయాణికులు బాగా పెరుగుతారు. తేడా అంతా "వాళ్లు ఎలా ప్రయాణిస్తారు?" అన్న దగ్గరే వచ్చింది.

ఎయిర్‌బస్ ఇలా ఆలోచించింది. లండన్ లాంటి పెద్ద ఎయిర్‌పోర్టులు ఇప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. కొత్త రన్‌వేలు కట్టడం సులభం కాదు. కాబట్టి ఒక్కో ఫ్లైట్‌లో ఎక్కువ మందిని తీసుకెళ్లాలి. చిన్న ఊళ్ల వాళ్లు పెద్ద ఎయిర్‌పోర్టుకు వచ్చి అక్కడ ఫ్లైట్ మారతారు. దీన్ని ‘హబ్’ పద్ధతి అంటారు. మన పల్లెల నుంచి జనం విజయవాడ బస్టాండ్‌కు చేరి, అక్కడ దూరప్రయాణం బస్సు ఎక్కినట్టు.

బోయింగ్ ఆలోచన వేరు. ప్రయాణికుడికి మధ్యలో దిగడం ఇష్టం ఉండదు. మధ్యస్థంగా ఉండి, తక్కువ ఇంధనంతో చాలా దూరం వెళ్లే విమానం ఇస్తే ఎయిర్‌లైన్స్ కొత్త ఊళ్ల మధ్య నేరుగా సర్వీసులు వేస్తాయి.

అంటే నానమ్మ దుబాయ్‌లో మారుతుందని ఎయిర్‌బస్ పందెం కాస్తే, మారనంటుందని బోయింగ్ కాసింది.

పందెం ఎలా సాగింది?

ఎయిర్‌బస్ 2000 డిసెంబరులో ఏ380 ప్రాజెక్టును మొదలుపెట్టింది. పూర్తి పొడవునా రెండు అంతస్తులు, నాలుగు ఇంజిన్లు, మామూలుగా 500 చుట్టుపక్కల సీట్లు. అన్నీ ఎకానమీ సీట్లే వేస్తే 853 మంది దాకా ఎక్కించవచ్చని అనుమతి కూడా వచ్చింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2007 అక్టోబరులో దీన్ని తొలిసారి ప్రయాణికులతో నడిపింది.

బోయింగ్ ముందు చాలా వేగంగా వెళ్లే ‘సోనిక్ క్రూయిజర్’ చేద్దామనుకుంది. 2001 తర్వాత నష్టాల్లో పడిన ఎయిర్‌లైన్స్ "మాకు వేగం కాదు, పొదుపు కావాలి" అన్నాయి. దాంతో ఆ ఆలోచన మానుకుని, 2004లో 787 డ్రీమ్‌లైనర్ మొదలుపెట్టింది. రెండే ఇంజిన్లు. బరువులో దాదాపు సగం, లోహానికి బదులు కార్బన్ ఫైబర్ లాంటి మిశ్రమ పదార్థాలు. బరువు తగ్గితే ఇంధనం కూడా తగ్గుతుంది.

ఇద్దరికీ దెబ్బలు తగిలాయి. ఏ380లో వందల కిలోమీటర్ల వైరింగ్ ఉంటుంది. జర్మనీ, ఫ్రాన్స్ టీమ్‌లు ఒకే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు వెర్షన్లు వాడటంతో తీరా బిగించేటప్పుడు వైర్లు సరిపోలేదు. ప్రాజెక్టు సుమారు రెండేళ్లు ఆలస్యమైంది. 787 భాగాలను బోయింగ్ చాలా దేశాల కంపెనీలకు అప్పగించింది. అవి సమయానికి, సరిగ్గా రాక మూడేళ్లకు పైగా ఆలస్యమై, తొలి విమానం 2011లో చేతికొచ్చింది. 2013లో బ్యాటరీలు వేడెక్కిన ఘటనలతో ఆ విమానాలన్నింటినీ కొన్ని నెలలు నేల మీదే ఉంచారు.

గెలిచిందెవరు?

ఎయిర్‌లైన్స్‌కు అందిన ఏ380లు మొత్తం 251. వాటిలో 123 ఒక్క ఎమిరేట్స్ కొన్నవే. 2021 డిసెంబరుతో తయారీ ఆగిపోయింది. 787లు మాత్రం వెయ్యి దాటాయి, ఇంకా తయారవుతున్నాయి.

కారణం క్లాస్‌లో బోర్డు మీద ఒక చిన్న లెక్కతో చెప్పాను. సెలవుల్లో 500 మంది వస్తారు, మామూలు రోజుల్లో 250 మందే. 500 సీట్ల విమానం ఒక్కటే ఉంటే మామూలు రోజుల్లో 250 సీట్లు ఖాళీ. 250 సీట్ల విమానాలు రెండు ఉంటే ఒకటి నిండుగా వెళ్తుంది, రెండోదాన్ని వేరే ఊరికి పంపుకోవచ్చు.

ఇంకో కారణం భద్రతా నియమాలు. ఒకప్పుడు రెండు ఇంజిన్ల విమానం, ఒక ఇంజిన్ ఆగినా గంటలోపు ఏదో ఒక ఎయిర్‌పోర్టు చేరేంత దగ్గరలోనే ఎగరాలి. అందుకే సముద్రాలు దాటడానికి ఎక్కువగా మూడు, నాలుగు ఇంజిన్ల విమానాలే వాడేవారు. ఇంజిన్ల నమ్మకం పెరిగేకొద్దీ ఆ పరిమితి 1985లో 120 నిమిషాలకు, తర్వాత 180కి, 787 విషయంలో 330 నిమిషాల దాకా పెరిగింది. రెండు ఇంజిన్లతో పనయ్యేచోట నాలుగింటికి ఇంధనం, మరమ్మతుల ఖర్చు ఎవరు పెడతారు?

అలాగని ఎయిర్‌బస్ అంచనా అంతా తప్పు కాదు. రద్దీ ఎయిర్‌పోర్టులు, పెద్ద హబ్‌లు నిజమే. దుబాయ్ కేంద్రంగా ఎమిరేట్స్‌కు ఏ380 బాగా కలిసొచ్చింది. కోవిడ్‌లో పక్కన పెట్టిన ఏ380లను కొన్ని సంస్థలు మళ్లీ బయటకు తీశాయి.

మా విద్యార్థి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 2021లో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా సర్వీసు మొదలుపెట్టింది, కానీ అది ఎక్కువ కాలం నడవలేదు. అంత దూరం వెళ్లగల విమానం ఉంటే చాలదు, లాభం వచ్చేలా సీట్లు ఏడాది పొడవునా నిండాలి. కాబట్టి నానమ్మకు ప్రస్తుతానికి దుబాయ్ తప్పదు. వీల్‌చెయిర్ అసిస్టెన్స్ బుక్ చేస్తే ఫ్లైట్ మారేచోట సిబ్బందే దగ్గరుండి తీసుకెళ్తారని చెప్పమన్నాను.

మనకేం పాఠం?

పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను ఎక్కువ మంది అడిగేది: "పదేళ్ల తర్వాత ఏ కోర్సుకు డిమాండ్ ఉంటుంది మేడమ్?" ఎంతోమంది నిపుణులున్న ఎయిర్‌బస్సే 20 ఏళ్లలో ఇలాంటి పెద్ద విమానాలు వెయ్యికి పైగా అమ్ముడుపోతాయని లెక్కవేసి పొరబడింది. కానీ అది మునిగిపోలేదు. ఏ380 ఒక్కదాన్నే నమ్ముకోకుండా 2006లోనే రెండు ఇంజిన్ల ఏ350 మొదలుపెట్టింది. ఈరోజు 787కి గట్టి పోటీ అదే. అంచనా వేయడం తప్పు కాదు, అది తప్పితే మారగలిగేలా ఉండాలి. పిల్లలకు ఒక కోర్సు పేరు కన్నా లెక్క, భాష, కొత్తది నేర్చుకునే అలవాటు గట్టిగా ఉంటే దారి మార్చుకోవడం తేలిక.

ఈ ఆదివారం ఇంట్లో: మీ ఊరి నుంచి బంధువుల ఊరికి నేరుగా వెళ్లే బస్సు, మధ్యలో మారే బస్సు – రెండింటి ఛార్జీ, సమయం, రోజుకు ఎన్ని సర్వీసులున్నాయో పిల్లలతో పట్టిక వేయించండి. "నువ్వే డిపో మేనేజరువైతే ఏ బస్సు పెంచుతావు?" అని అడగండి. జవాబులు నోట్‌బుక్‌లో రాసి పంపితే క్లాస్‌లో చర్చిస్తాం.

– సోషల్ టీచర్, హైస్కూల్ విభాగం