కంప్యూటర్‌ వద్దన్న గురువు!

2024 డిసెంబరు 12, సింగపూర్‌. ప్రపంచ చదరంగం కిరీటం కోసం పోరు. పదమూడు గేములు ముగిసేసరికి ఇద్దరికీ చెరో ఆరున్నర పాయింట్లు. ఆఖరి గేమూ డ్రా అయ్యేలాగే ఉంది. అంతలో చైనా ఆటగాడు డింగ్‌ లిరెన్‌ 55వ ఎత్తుగా ఏనుగును జరిపాడు. ఎదురుగా కూర్చున్న పద్దెనిమిదేళ్ల గుకేశ్‌కి అది తప్పని వెంటనే తట్టలేదట. మరో ఎత్తు వెయ్యబోయి ఆగాడు. మళ్లీ చూశాడు. ఏనుగులు మార్చుకుంటే అవతలివాడి శకటు కూడా నిలవదు! మిగిలేది రాజూ బంట్ల ఆట... అందులో గెలుపు తనదే. మరో మూడు ఎత్తులకే లిరెన్‌ ఓటమి ఒప్పుకున్నాడు.

ఆ క్షణంలో గుకేశ్‌కి సాయంగా కంప్యూటర్‌ లేదు, పక్కన గురువూ లేడు. ఉన్నది సొంత బుర్ర ఒక్కటే. దాన్ని నమ్ముకోవడం ఎలాగో చిన్నప్పుడే నేర్పిన గురువు విష్ణు ప్రసన్న.

వట్టి చేతులతో...

విష్ణు చెన్నైకి చెందిన ఆటగాడు. 2013లో గ్రాండ్‌మాస్టర్‌ అయ్యారు. 2017లో గుకేశ్‌ ఆయన దగ్గర చేరేనాటికి వాడికి పదకొండేళ్లు. అప్పటికే చదరంగం నేర్చుకునే పిల్లల ఇళ్లలో 'ఇంజిన్‌' మామూలైపోయింది. బల్ల మీద పావులు ఎలా ఉన్నా, మంచి ఎత్తేదో క్షణాల్లో చెప్పేసే ప్రోగ్రామ్‌ అది. విష్ణు మాత్రం దాని జోలికి పోవద్దన్నారు. గుకేశ్‌ దాదాపు గ్రాండ్‌మాస్టర్‌ స్థాయికి చేరేదాకా అదే పద్ధతి. లెక్క చెయ్యకముందే పుస్తకం చివర జవాబు చూసేస్తే లెక్క రాదు కదా... ఇదీ అంతే!

చెప్పినంత తేలిక కాదిది. అవతలి పిల్లలు ఇంట్లో కంప్యూటర్‌తో వండుకొచ్చిన ఎత్తులతో దిగుతారు. మనవాడేమో వట్టి చేతులతో! చెన్నైలో స్థిరపడిన ఆ తెలుగు కుటుంబం అప్పటికే చాలా వదులుకుంది. నాన్న రజనీకాంత్‌ ఈఎన్‌టీ సర్జన్‌. కొడుకును టోర్నీలకు తిప్పడానికి ప్రాక్టీసు పక్కన పెట్టారు. మైక్రోబయాలజిస్టుగా అమ్మ పద్మ తెచ్చే జీతమే ఇంటికి ఆధారమైంది. ప్రయోగం బెడిసికొడితే పోయేది గురువు పేరొక్కటే కాదు, పిల్లాడి విలువైన ఏళ్లు కూడా.

బెడిసికొట్టలేదు. 2019 జనవరిలో 12 ఏళ్ల 7 నెలల 17 రోజుల వయసులో గుకేశ్‌ గ్రాండ్‌మాస్టరయ్యాడు. అప్పటి ప్రపంచ రికార్డు తప్పింది కేవలం 17 రోజుల తేడాతో! ఆ తర్వాత కంప్యూటరూ వచ్చింది, కొత్త శిక్షకులూ వచ్చారు. సింగపూర్‌ పోరుకు సాయపడిన బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్‌ హరికృష్ణ కూడా ఉన్నారు.

ఓడిన ఆటే పాఠం

ఆడి గెలిచినవారి దగ్గర ఒంటరిగా నేర్చుకుంటే ఒరిగేదేమిటి? ఎత్తులైతే పుస్తకాల్లో బోలెడున్నాయి. పుస్తకం చెప్పలేనిది ఒకటుంది: ఈ పిల్లాడు ఎక్కడ తడబడుతున్నాడన్నది. గెలిచే స్థితిలో తొందరపడతాడా? టైము అయిపోతుంటే కంగారుపడతాడా? పావులు తగ్గాక ఆటమీద ఆసక్తి పోతుందా? ఆ తప్పులన్నీ తానూ చేసిన ఆటగాడికి అవి ఇట్టే దొరికిపోతాయి. కార్పోవ్‌, కాస్పరోవ్‌లాంటి వాళ్లకు పాఠాలు చెప్పిన రష్యా దిగ్గజం బోత్విన్నిక్‌ కూడా ఎవరి ఆటల్ని వాళ్లే విప్పి చూసుకోవాలనేవారు.

అలాగని గురువు పేరుమోసిన ఆటగాడే కానక్కర్లేదు. కోనేరు హంపికి తొలి గురువు నాన్న అశోక్‌. కెమిస్ట్రీ లెక్చరర్‌ ఉద్యోగం వదిలి కూతురికి ఆట నేర్పారు. 2002లో హంపి పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరైంది. ఆమెనైనా, గుకేశ్‌నైనా నిలబెట్టింది ఆ ఒక్క బిడ్డ ఆటనే పట్టించుకుని కూర్చున్న పెద్దమనిషి.

పిల్లల్ని కోచింగ్‌లో చేర్చేటప్పుడు తల్లిదండ్రులు ముందుగా అడిగేది... 'రేటింగు ఎన్నాళ్లలో పెరుగుతుంది?' అని. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. 'మావాడు ఓడిన ఆటను వాడితో కూర్చుని చూస్తారా? ఆ ఎత్తు ఎందుకు వేశావని వాణ్నే అడుగుతారా?'

అవునన్న గురువు దొరికితే, సగం ఆట గెలిచినట్టే!