విందు ముందు, వీనుల విందు తరువాత

పెళ్ళిరోజున దంపతులు గుడికి వెళ్ళివచ్చి, ఇంట్లో పరమాన్నం వండుకొని, పెద్దలకు నమస్కరించడంతో సరిపెట్టుకొనే కాలం మా బాన్సువాడ వంటి ఊళ్ళలోనూ వెనుకబడింది. ఇప్పుడు పిల్లలను అమ్మమ్మ వద్ద ఉంచి, మూడు నాలుగు గంటలు ప్రయాణించి హైదరాబాదు చేరుతున్నారు. ఏ పెద్ద హోటలులోనో భోజనం చేసి, గజలో, కవ్వాలీయో విని మరునాడు తిరిగివస్తున్నారు. కొందరు పెద్దలు దీనిని దుబారా అంటారు. వైద్యునిగా నేను ఆ మాట అనను.

చింత, శోకం, భయం, క్రోధం, నిద్రలేమి ఉన్నవానికి హితమైన ఆహారం మితంగా తిన్నా జీర్ణం కాదని చరకుడు విమానస్థానంలో స్పష్టంగా చెప్పాడు. సంతానం కోరే దంపతులకు గర్భధారణకు తోడ్పడే వాటిలో మనస్సు ప్రసన్నంగా ఉండడమే శ్రేష్ఠమని మరొకచోట అన్నాడు. జఠరాగ్నికి మనస్సు చుట్టం. ఏడాదికి ఒకసారైనా ఇంటి లెక్కలు మరచి భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని భోజనం చేయడం ఆరోగ్యానికి మంచిదే. అయితే అలా వెళ్ళివచ్చిన వారిలో కొందరు రెండవనాడే నా వద్దకు ఎందుకు వస్తున్నారన్నది చూడవలసిన విషయం.

గత సంవత్సరం ఇరవై అయిదవ పెళ్ళిరోజు చేసుకొన్న దంపతులు వచ్చారు. భర్తకు మధుమేహం. ఎనిమిది గంటలకు కచేరీ ఆరంభం, పదిన్నరకు భోజనం అని ఏర్పాటట. ఆయన అలవాటు ప్రకారం భోజనానికి ముందు వేసుకొనే మాత్ర ఎనిమిదింటికే వేసుకొన్నాడు. పాట మధ్యలో చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు చీకట్లు కమ్మాయి. పక్కన ఉన్నవారు తీపి పానీయం తాగించగా తేరుకొన్నాడు. ఆ తరువాత ఆకలి మీద బిర్యానీ, చేపలు, పెరుగు పచ్చడి, ఐస్‌క్రీం వరుసగా తిని, అర్ధరాత్రి పడుకొన్నాడు. తెల్లవారేసరికి పుల్లని త్రేన్పులు, గుండెలో మంట, తలభారం. “అయ్యగారూ, హోటలు తిండిలో ఏదో కలిపారు” అన్నది ఆయన భార్య. “అమ్మా, అదే తిండి ఏడు గంటలకు తిని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు” అన్నాను.

భోజనం తరువాత ఏమి చేయాలో సుశ్రుతుడు సూత్రస్థానంలో వివరించాడు. తిన్న బడలిక తీరేవరకు రాజువలె సుఖంగా కూర్చోవాలి. పిదప నూరు అడుగులు నడిచి, ఎడమ పక్కకు తిరిగి విశ్రమించాలి. మనస్సుకు ప్రియమైన శబ్దాన్ని, రూపాన్ని, సుగంధాన్ని భోజనానంతరం అనుభవిస్తే తిన్న అన్నం చక్కగా నిలుస్తుంది. ఏవగింపు కలిగించే శబ్దాలు, అతిగా నవ్వడం వాంతికి దారితీస్తాయి. అంటే సంగీతానికి శాస్త్రం చూపిన చోటు విందు తరువాతనే. ఏడు గంటలకు కూర్చుని ఎనిమిదికి భోజనం ముగించి, ఎనిమిదిన్నర నుంచి పదిన్నర వరకు పాట వింటే, తినడానికీ పడకకూ మధ్య ఉండవలసిన రెండు మూడు గంటల వ్యవధి కచేరీలోనే గడిచిపోతుంది. ఎడమ పక్కకు పడుకొంటే ఆమ్లం గొంతులోకి ఎగదన్నడం తగ్గుతుందని నేటి వైద్యులూ ఒప్పుకొంటున్నారు.

ఇక తినేటప్పుడు మాట్లాడక, నవ్వక, మనస్సు అన్నం మీదనే ఉంచి భుజించమని చరకుని ఆదేశం. పెళ్ళిరోజున మౌనవ్రతమా అని మీరు నవ్వవచ్చు. ముద్ద నోట ఉండగా మాటలు వద్దు, రెండు ముద్దల మధ్య మాట్లాడుకోండి. పిల్లల మార్కులు, అప్పుల సంగతి ఆ పూటకు ఎత్తకండి. బల్ల పక్కనే వాయించే హోటళ్ళలో లౌడుస్పీకరుకు దూరంగా చోటు అడగాలి. పెద్ద చప్పుడులో ఉప్పు, తీపి నాలుకకు తక్కువగా తెలుస్తాయని పరీక్షలు చేసి చెబుతున్నారు. రుచి తెలియనివాడు అదనంగా తింటాడు. నాలుగు దేశాల వాద్యాలు కలిపి వాయించే కచేరీలకు ‘వరల్డ్ మ్యూజిక్’ అంటున్నారు. 1987లో లండన్‌లో రికార్డు కంపెనీల వారు అమ్మకం కోసం కుదుర్చుకొన్న పేరది. పేరు ఏదైనా సరే, చెవి నొప్పించనిదే ప్రియశబ్దం.

2010లో హోటలుగా మారిన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చోగల భోజనపు బల్ల ఉన్నది. బల్ల ఎంత పెద్దదైనా కడుపు పరిమాణం మారదు. సగం అన్నానికి, పావు ద్రవానికి విడిచి, మిగిలిన పావు ఖాళీగా ఉంచమని వాగ్భటుడు అన్నాడు. రాత్రిపూట పెరుగు తగదని చరకుడు నిషేధించాడు గనుక బిర్యానీతో పెరుగు పచ్చడి బదులు నిమ్మచెక్క చాలు. అపోలో ఫిష్ తిన్నపుడు ఐస్‌క్రీం మానండి. చేప, పాలు విరుద్ధాహారం. ఈ నియమాన్ని ఆధునిక వైద్యులు అంగీకరించరు. అయినా మందాగ్ని గలవారు మానడం మేలని నా అనుభవం. కుర్బానీ కా మీఠా ఒక్కటే తీసుకొంటే సరిపోతుంది. మంచునీటికి బదులు గోరువెచ్చని నీరు అడగండి, ఇవ్వని హోటలు లేదు. తాంబూలం విషయంలో మాత్రం పూర్వాచారాన్ని పట్టుకోను. వక్క క్యాన్సరు కారకమని 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. సోంపు నమలండి.

నిండు కడుపుతో దాంపత్య సుఖం వర్జ్యమని శాస్త్రం. కచేరీ పూర్తయ్యేవరకు ఆగినవారికి ఆ దోషం ఉండదు.

భోజనానికి ముందు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు, భోజనం ఆలస్యమైతే ఏమి చేయాలో తమ వైద్యుని ముందుగానే అడిగి తెలుసుకోవాలి. చక్కెర బిళ్ళలు జేబులో ఉంచుకోవాలి.

మరునాడు కడుపు బరువుగా ఉంటే ఆకలి పుట్టేవరకు వేడినీరు తప్ప ఏమీ వద్దు. తరువాత పలుచని జావ. మధ్యాహ్నం మొదటి ముద్దలో పావు చెంచా హింగ్వాష్టక చూర్ణం నేతితో కలిపి తినాలి. గుండెలో మంట ఉన్నవారికి ఇది పనికిరాదు. వారు రెండు చెంచాల ధనియాలు నలగగొట్టి గ్లాసు నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయం వడగట్టి పటికబెల్లంతో తాగాలి. మధుమేహులకు పటికబెల్లం వద్దు. ఛాతీ బిగింపుతో చెమట, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఆయాసం కనిపిస్తే గ్యాసు అనుకొని ఇంటివైద్యం చేయరాదు. తక్షణం పెద్దాసుపత్రికి చేరాలి.

హైదరాబాదు వెళ్ళలేనివారికి మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ దగ్గరలోనే ఉన్నది. సాయంకాలం ఆ నీటి ఒడ్డున కాసేపు నడిచి, పొద్దుగూకే వేళకు ఇంటికి వచ్చి, పెసరపప్పు, నెయ్యి, బీరకాయ కూరతో ఏడింటికి భోజనం చేయండి. ఆపై డాబా మీద చాప పరచుకొని కూర్చోండి. ఇద్దరిలో పాడగలవారు పాడవచ్చు, లేకుంటే రేడియో పెట్టుకోవచ్చు. టెలివిజన్ మాత్రం ఆ రాత్రికి కట్టివేయండి.