చక్రాల ఇంటిలో విద్యుల్లోపం

అమెరికా, ఐరోపా దేశాలలో ‘మోటార్ హోమ్’ అనే వాహనం సుపరిచితం. పడక, వంటగది, స్నానాలగది ఇమిడిన చక్రాల ఇల్లు అది. జనసంచారం లేని దారిలో రాత్రివేళ అందులో దీపాలారితే మిస్త్రీ దొరకడు. అపుడు ఆదుకొనేది క్రమబద్ధమైన ఆలోచన ఒక్కటే.

ఈ ఇంటిలో రెండు విద్యుత్ వ్యవస్థలుంటాయి. విడిదిలో తీగ తగిలించినపుడు లభించే ఏకాంతర విద్యుత్తు మొదటిది. అది అమెరికాలో 120 వోల్టులు, ఐరోపాలో 230 వోల్టులు. దీపాలకు, నీటిపంపుకు బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు రెండవది. కనవర్టరు అనే సాధనం మొదటిదానిని రెండవదానిగా మార్చి బ్యాటరీని నింపుతుంది.

కనుక లోపం ఏ వ్యవస్థలో ఉన్నదన్నదే తొలి ప్రశ్న. గోడ ప్లగ్గులు మాత్రమే పనిచేయకపోతే లోపం మొదటిదానిలో ఉన్నట్లు. ఇది ప్రాణాపాయకరం, బయటి తీగ ఊడదీయకుండా దానిని తాకరాదు. దీపాలు, పంపు రెండూ ఆగితే ముందుగా బ్యాటరీని పరీక్షించాలి. విశ్రాంతిలో ఉన్న సీసపు బ్యాటరీ నిండుగా ఉంటే వోల్టు మీటరు సుమారు 12.6 చూపుతుంది, 12కు దిగితే అది దాదాపు ఖాళీ అయినట్లే.

బ్యాటరీ బాగున్నా పంపు మందగిస్తే ఏమనుకోవాలి? 1827లో ఓమ్ ప్రకటించిన సూత్రమే ఇక్కడ దారి చూపుతుంది. 120 వాట్ల పరికరం 120 వోల్టుల వద్ద 1 ఆంపియరు, 12 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు తీసుకొంటుంది. తుప్పు పట్టిన అతుకులో 0.1 ఓము నిరోధముంటే మొదటిచోట పోయేది 0.1 వోల్టు, రెండవచోట 1 వోల్టు! వాహనపు ఇనుప చట్రమే తిరుగు మార్గం కావడంచేత, చట్రానికి బిగించిన ఎర్తు అతుకును ముందుగా అనుమానించాలి. అయితే పంపు ఆగి ఉండగా కొలిస్తే ఈ నష్టం కనబడదు. ప్రవాహమున్నపుడే నిరోధం బయటపడుతుంది.

ఫ్యూజు కాలిపోతే అంతే ఆంపియర్ల ఫ్యూజునే వేయాలి. అది మళ్లీ కాలితే తీగలో ఎక్కడో తప్పున్నదని అర్థం. పెద్ద ఫ్యూజు వేసి దీపం వెలిగించినవాడు, ఫ్యూజు కాలవలసినచోట తీగను కాల్చుతున్నాడు. ఆ తీగ చెక్కగోడల నడుమ, నిద్రిస్తున్న కుటుంబం పక్కనే ఉంటుంది.

కారణాన్ని వెతకక లక్షణాన్ని అణచడం ఎంత ప్రమాదకరమో ఆ చిన్న ఫ్యూజు నేర్పుతుంది. మన ప్రయోగశాలలోని వోల్టు మీటరు మార్కుల కొరకు మాత్రమే కాదు. మన ఇళ్లలోని ఇన్వర్టరు బ్యాటరీకి సైతం ఈ సూత్రమే వర్తిస్తుంది.