మోర్మన్ మతం: విశ్వాసం, చరిత్ర, నిత్య సంఘజీవితం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• మోర్మన్ సంఘం ఎలా పుట్టిందో, ఎందుకు వలస పోయిందో వివరించగలుగుతారు.
• ఆ సంఘం ముఖ్య విశ్వాసాలను తక్కిన క్రైస్తవ సంఘాల విశ్వాసాలతో పోల్చగలుగుతారు.
• వారి ఆదివారం, వారి వారం ఎలా గడుస్తాయో చెప్పగలుగుతారు.
• మత విశ్వాసానికీ, మతాచరణకూ మధ్య చట్టం గీసిన గీతను చర్చించగలుగుతారు.

1. పరిచయం

తరగతిలో ఈ పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ విద్యార్థులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మోర్మన్లంటే నలుగురైదుగురు భార్యలు ఉండేవాళ్లే కదండీ?" ఆ సంఘం బహుభార్యత్వాన్ని మానుకుంటున్నట్లు ప్రకటించింది 1890లో. నూరేళ్లకు పైగా గడిచినా, దూరాన ఉన్న మనకు ఆ ఒక్క మాటే గుర్తుంది. ఒక మతాన్ని ఒకే ఒక ఆచారంతో గుర్తుపెట్టుకోవడం ఎంత పొరపాటో ఈ పాఠం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది. అయితే ఆ ఆచారాన్ని పక్కన పెట్టేయలేం. దాని మీద అమెరికాలో నడిచిన వ్యాజ్యాల ప్రభావం మన సుప్రీంకోర్టు దాకా వచ్చింది.

ముందుగా పేరు సంగతి చూద్దాం. 'మోర్మన్' అన్నది మొదట బయటివారు పెట్టిన పేరు. సంఘం అసలు పేరు 'యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము'. తెలుగు బైబిలులో పౌలు తన పత్రికల్లో విశ్వాసులను 'పరిశుద్ధులు' అని సంబోధించడం మీరు చూసి ఉంటారు. ఇక్కడ కూడా ఆ మాటకు సాధారణ విశ్వాసులనే అర్థం. పూర్తి పేరుతోనే పిలవాలని 2018 నుంచి సంఘం గట్టిగా కోరుతోంది. ఈ పాఠంలో సౌలభ్యం కోసం 'సంఘం' అని, చరిత్ర చెప్పేటప్పుడు 'మోర్మన్లు' అని వాడుతున్నాం.

2. చారిత్రక నేపథ్యం

2.1 పుట్టుక

సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ 1805లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఒక పేద రైతు కుటుంబంలో పుట్టాడు. తరవాత ఆ కుటుంబం న్యూయార్క్ రాష్ట్రంలోని పాల్మైరా ప్రాంతానికి చేరింది. అక్కడ ఆ రోజుల్లో క్రైస్తవ ఉజ్జీవ సభలు జోరుగా సాగేవి. ఒక్కో సంఘం తనదే సరైన మార్గమని బోధించేది. ఏ సంఘంలో చేరాలో తెలియక 1820లో అడవిలో ప్రార్థించగా తండ్రియైన దేవుడూ యేసుక్రీస్తూ తనకు దర్శనమిచ్చారని స్మిత్ చెప్పాడు. తరవాత మొరోనీ అనే దేవదూత చూపిన బంగారు రేకుల మీది ప్రాచీన లేఖనాన్ని దైవశక్తితో అనువదించానని చెప్పాడు. ఆ అనువాదమే 1830లో అచ్చయిన 'మోర్మన్ గ్రంథము'. అదే సంవత్సరం ఏప్రిల్ 6న సంఘం ఏర్పడింది.

ఇక్కడ మీరు రెండు విషయాలను విడివిడిగా గమనించాలి. యెరూషలేము నుంచి అమెరికా ఖండానికి వచ్చిన ప్రజల నిజమైన చరిత్రే మోర్మన్ గ్రంథమని విశ్వాసులు నమ్ముతారు. పురావస్తు పరిశోధనలో ఆ కథనానికి ఆధారం దొరకలేదు. సంఘానికి బయట ఉన్న చరిత్రకారులు దాన్ని పందొమ్మిదో శతాబ్దపు రచనగానే చూస్తారు. విశ్వాసి చెప్పే మాటను విశ్వాసి మాటగా, ఆధారాలు చెప్పే మాటను ఆధారాల మాటగా రాయండి. ఒకదాన్ని ఇంకొకదానితో కలపకండి.

2.2 వలస

కొత్త సంఘం ఎక్కడా నిలదొక్కుకోలేకపోయింది. ఒహాయోలోని కర్ట్‌లాండులో 1836లో తొలి ఆలయం కట్టారు. మిస్సోరీలో స్థిరపడిన మోర్మన్లకు స్థానికులతో భూముల విషయంలో, ఓట్ల విషయంలో, బానిసత్వం విషయంలో ఘర్షణలు వచ్చాయి. 1838 అక్టోబరులో ఆ రాష్ట్ర గవర్నరు బాగ్స్ మోర్మన్లను వెళ్లగొట్టాలని, కాకపోతే నిర్మూలించాలని ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఉత్తర్వు అధికారికంగా రద్దయింది 1976లో. ఇల్లినాయి రాష్ట్రంలో వారు నావూ పట్టణాన్ని నిర్మించుకున్నారు. అక్కడే స్మిత్ బహుభార్యత్వాన్ని రహస్యంగా బోధించాడు. దాన్ని విమర్శించిన పత్రిక ముద్రణాలయాన్ని ధ్వంసం చేయించినందుకు అరెస్టయ్యాడు. 1844 జూన్ 27న కార్తేజ్ జైలు మీద ఒక గుంపు దాడి చేసి, అతణ్ణీ అతని అన్న హైరమ్‌నూ కాల్చి చంపింది.

తరవాత ఎక్కువమందికి నాయకుడైన బ్రిగమ్ యంగ్ వారిని పడమరకు నడిపించాడు. 1847 జులైలో వారు సాల్ట్ లేక్ లోయకు చేరారు. 1856లో చేతిబండ్లు లాక్కుంటూ ఆలస్యంగా బయలుదేరిన రెండు బృందాలు మంచులో చిక్కుకుని 200 మందికి పైగా చనిపోయారు. ఈ త్యాగాల కథలు సంఘం పిల్లలకు ఈనాటికీ చెబుతారు.

చరిత్రకు రెండో పక్క కూడా ఉంది. 1857 సెప్టెంబరులో దక్షిణ యూటాలోని మౌంటెన్ మెడోస్‌లో స్థానిక మోర్మన్ సాయుధ దళం, కొందరు మూలవాసులతో కలిసి, కాలిఫోర్నియాకు వెళ్తున్న సుమారు 120 మంది బాటసారులను చంపింది. హింసకు గురైన సమూహం తానే హింసకు పూనుకున్న సందర్భమిది. మీ జవాబుల్లో రెండు పక్కలూ ఉండాలి.

3. ముఖ్య విశ్వాసాలు

బైబిలుతోపాటు మోర్మన్ గ్రంథము, 'సిద్ధాంతము మరియు నిబంధనలు', 'అమూల్యమైన ముత్యము' వీరికి పవిత్ర గ్రంథాలు. తక్కిన క్రైస్తవులకు దైవగ్రంథం బైబిలుతో ముగుస్తుంది. వీరి దృష్టిలో దేవుడు ఇప్పటికీ మాట్లాడతాడు. సంఘాధ్యక్షుడే సజీవ ప్రవక్త. దీన్ని 'నిరంతర ప్రత్యక్షత' అంటారు.

తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే సంకల్పంతో పనిచేసే ముగ్గురు వేర్వేరు వ్యక్తులని వీరి బోధ. ఇది త్రిత్వ సిద్ధాంతానికి భిన్నం. అందుకే ఇతర సంఘాలు చాలావరకు వీరి క్రైస్తవాన్ని ప్రశ్నిస్తాయి. కాథలిక్ సంఘం వీరి బాప్తిస్మం చెల్లదని 2001లో ప్రకటించింది. క్రీస్తును రక్షకుడుగా నమ్మే తాము క్రైస్తవులమేనని వీరు అంటారు.

కుటుంబ బంధం మరణంతో తెగదని మరొక ముఖ్య విశ్వాసం. ఆలయంలో 'ముద్రవేసిన' వివాహం పరలోకంలోనూ నిలుస్తుంది. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పూర్వీకుల తరఫున బతికి ఉన్నవారు ఆలయంలో బాప్తిస్మం పొందుతారు. దీన్ని మన శ్రాద్ధకర్మతో పోల్చాలనిపిస్తుంది. కాని అక్కడ ఉద్దేశం పితృదేవతలను తృప్తి పరచడం కాదు. వారి ముందు ఒక అవకాశాన్ని ఉంచడమే. దాన్ని అంగీకరించడం, నిరాకరించడం ఆ ఆత్మ ఇష్టమని వీరి బోధ. యూదుల మారణహోమంలో చనిపోయినవారి పేర్లతోనూ ఇలాంటి బాప్తిస్మాలు జరిగినట్లు బయటపడినప్పుడు యూదు సంస్థలు తీవ్రంగా అభ్యంతరం చెప్పాయి. అలా చేయబోమని సంఘం 1995లో ఒప్పుకొంది.

పూర్వీకుల పేర్లు కావాలంటే వంశవృక్షాలు కావాలి. అందుకోసం 1894 నుంచి ఈ సంఘం లోకమంతటా రికార్డులు సేకరిస్తోంది. హరిద్వారంలో పండాలు తరతరాలుగా రాసి ఉంచిన యాత్రికుల వహీలను కూడా ఫిల్ములకెక్కించింది.

4. నిత్య సంఘజీవితం

సిద్ధాంతం ఎంత చదివినా, విశ్వాసి వారం ఎలా గడుస్తుందో తెలియకపోతే ఆ మతం మనకు సగమే అర్థమైనట్లు.

స్థానిక సంఘాన్ని 'వార్డు' అంటారు. కొన్ని వార్డులు కలిస్తే 'స్టేకు'. మీ ఇల్లు ఏ వార్డు హద్దులో ఉందో ఆ వార్డుకే మీరు వెళ్లాలి. నచ్చిన బోధకుణ్ణి వెతుక్కుని వేరే చోటికి వెళ్లడం ఉండదు. వార్డుకు పెద్ద బిషప్పు. ఆయనకు జీతం లేదు. వారమంతా బడిలో పాఠం చెప్పో, దుకాణం నడిపో సొంత సంపాదన మీద బతికే మనిషి ఆయన. సుమారు అయిదేళ్లు ఆ బాధ్యత మోసి, మళ్లీ మామూలు సభ్యుడై బల్ల మీద కూర్చుంటాడు. పిల్లల తరగతి చెప్పే ఆవిడా, పియానో వాయించే కుర్రవాడూ అందరూ ఇలా 'పిలుపు' అందుకున్నవారే. ఎవరూ పదవి కోసం దరఖాస్తు పెట్టుకోరు.

ఆదివారం సమావేశాలు 2019 నుంచి రెండు గంటలు. మొదటిది సంస్కార సమావేశం. రొట్టె, నీళ్లు అందరికీ అందిస్తారు. ద్రాక్షారసం వాడరు. తరవాత ప్రసంగించేది బిషప్పు కాదు. ముందుగా చెప్పి ఉంచిన ఇద్దరు ముగ్గురు మామూలు సభ్యులు మాట్లాడతారు. పదిహేనేళ్ల పిల్ల గొంతు వణుకుతూ కాగితం చూసి చదివినా, సభ ఓపిగ్గా వింటుంది. సాధారణంగా నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం ఉంటారు. మిగిలిన భోజన ఖర్చును పేదల కోసం ఇస్తారు. ఆదాయంలో దశమభాగం సంఘానికి చెల్లించడం దీనికి అదనం.

వారంలో ఒక సాయంత్రం, చాలా ఇళ్లలో సోమవారం, కుటుంబమంతా కలిసి ప్రార్థన, పాఠం, ఆట జరుపుకుంటారు. 1833 నాటి 'జ్ఞాన వాక్యము' ప్రకారం మద్యం, పొగాకు, కాఫీ, టీ నిషిద్ధం. అతిథికి టీ ఇవ్వడమే మర్యాద అయిన మన ఊళ్లలో ఈ నియమం ఎంత కష్టమో ఊహించండి. యువకులు 18 ఏళ్లు నిండాక రెండేళ్లు, యువతులు పద్దెనిమిది నెలలు జీతం లేకుండా మత ప్రచారానికి వెళ్తారు.

స్త్రీలకు యాజకత్వం లేదు. కాబట్టి బిషప్పు పదవి వారికి రాదు. కాని 1842లో నావూలో మొదలైన ఉపశమన సమాజాన్ని స్త్రీలే నడుపుతారు. ఈ హద్దు మీద సంఘం లోపల కూడా చర్చ ఉంది.

భారతదేశంలో తొలి స్టేకు 2012లో హైదరాబాదులో ఏర్పడింది. మోర్మన్ గ్రంథానికి తెలుగు అనువాదం ఉంది. బెంగళూరులో ఆలయం కడతామని 2018లో ప్రకటించారు.

5. విశ్వాసం, ఆచరణ, చట్టం

1852లో మోర్మన్లు బహుభార్యత్వాన్ని బహిరంగంగా ప్రకటించారు. అమెరికా ప్రభుత్వం దాన్ని నేరం చేసింది. జార్జ్ రెనాల్డ్స్ అనే మోర్మన్, అది తనకు మతధర్మమని వాదించాడు. 1879లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. విశ్వాసం జోలికి చట్టం రాదు, ఆచరణను అదుపు చేయగలదు అని ఆ తీర్పు సారం. భర్త చితి మీద కాలిపోవడం తన ధర్మమని భార్య నమ్మితే ప్రభుత్వం ఆపకూడదా అని న్యాయస్థానం ప్రశ్నించింది. మన దేశపు సతీ సహగమనం ఆ వాదనలో ఒక ఉదాహరణ అయింది.

1887 చట్టం సంఘం చట్టబద్ధ హోదాను రద్దు చేసి, ఆస్తుల స్వాధీనానికి దారి తీసింది. యూటా స్త్రీలకు 1870 నుంచి ఉన్న ఓటుహక్కును తీసేసింది. ఐడహో ప్రాంతంలో ఇంకో అడుగు ముందుకు వేశారు. బహుభార్యత్వాన్ని బోధించే సంఘంలో సభ్యుడై ఉంటే చాలు, ఓటు లేదన్నారు. డేవిస్ వర్సెస్ బీసన్ కేసులో 1890లో సుప్రీంకోర్టు దాన్ని కూడా సమర్థించింది. మతమంటే సృష్టికర్తతో మనిషికి ఉన్న సంబంధం గురించిన అభిప్రాయాలు, వాటి నుంచి పుట్టే కర్తవ్యాలు అని నిర్వచించి, పూజావిధానాన్ని దాని నుంచి వేరు చేసింది. ఆ సంవత్సరమే సంఘాధ్యక్షుడు విల్‌ఫర్డ్ ఉడ్రఫ్ బహుభార్యత్వాన్ని విరమిస్తూ ప్రకటన చేశాడు. 1896లో యూటాకు రాష్ట్ర హోదా వచ్చింది. 1904 తరవాత కొత్తగా అలాంటి పెళ్లి చేసుకుంటే వెలివేత. ఈనాడు దాన్ని పాటించే చిన్న వర్గాలకూ ఈ సంఘానికీ సంబంధం లేదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1954లో శిరూరు మఠం కేసులో మన సుప్రీంకోర్టు ఆ అమెరికా నిర్వచనాన్ని పరిశీలించి, అది సరిపోదని చెప్పింది. మతం అభిప్రాయాలతో ఆగదు, పూజలు, కర్మకాండ, ఒక్కోసారి తిండీ బట్టా కూడా మతంలో భాగం కావచ్చు అంది. ఏది మతంలో ఆవశ్యక భాగం అన్న చర్చ మన న్యాయస్థానాల్లో ఈనాటికీ నడుస్తోంది.

6. మార్పు ఎలా వస్తుంది?

1836లోనే ఎలైజా ఏబుల్ అనే నల్లజాతీయుడు యాజకత్వం పొందాడు. కాని 1852 నుంచి ఆఫ్రికా సంతతివారికి దాన్ని నిరాకరించారు. ఆలయ కర్మలకూ దూరం పెట్టారు. పుట్టుకను బట్టి ఆలయ ప్రవేశం ఆపడమంటే ఏమిటో మన సమాజానికి వేరే చెప్పనక్కరలేదు. పౌరహక్కుల ఉద్యమ కాలం నుంచి విమర్శలు పెరిగాయి. జాతులు కలిసిపోయిన బ్రెజిల్‌లో ఆలయం కడుతున్నప్పుడు ఎవరిది ఏ సంతతి అని తేల్చడమే కష్టమైంది. 1978 జూన్‌లో అధ్యక్షుడు స్పెన్సర్ కింబల్ తమకు దైవప్రత్యక్షత కలిగిందని, అర్హులైన పురుషులందరికీ జాతిభేదం లేకుండా యాజకత్వం ఇస్తామని ప్రకటించాడు. పాత నిషేధానికి చెప్పిన సమర్థనలను సంఘం 2013లో తిరస్కరించింది.

విశ్వాసి దీన్ని దేవుని మాట అంటాడు. చరిత్రకారుడు కాలం ఒత్తిడిని చూపిస్తాడు. నిరంతర ప్రత్యక్షత అనే సిద్ధాంతమే ఆ మార్పుకు లోపలి నుంచి తలుపు తెరిచిందని మాత్రం ఇద్దరూ ఒప్పుకోవచ్చు. అంతవరకు ఆ తలుపు బయట నిలబడ్డవారి బాధను మాత్రం ఏ సిద్ధాంతమూ చెరపలేదు.

7. సారాంశం

కోటీ డెబ్బై లక్షలకు పైగా సభ్యులున్న ఈ సంఘాన్ని ఒక పాత ఆచారంతో కొలవకూడదు. దాని చరిత్రలో బాధితులూ ఉన్నారు, బాధపెట్టినవారూ ఉన్నారు. దాన్ని నిలబెట్టింది ప్రవక్తల మాట ఒక్కటే కాదు. జీతం లేని బిషప్పూ, ఉపవాసం డబ్బూ, సోమవారం సాయంత్రాలూ కూడా. ఏ మతాన్ని చదివినా ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి: వీరు ఏం నమ్ముతారు? ఆ నమ్మకంతో వారంలో ఏడు రోజులూ ఏం చేస్తారు?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'నిరంతర ప్రత్యక్షత' అంటే ఏమిటి? ఒక ఉదాహరణతో రాయండి.
2. వార్డు నిర్వహణలో జీతం తీసుకునే మతగురువు లేకపోవడం వల్ల కలిగే లాభనష్టాలను చర్చించండి.
3. 1879, 1890 నాటి అమెరికా తీర్పులను శిరూరు మఠం తీర్పుతో పోల్చండి.
4. మీకు తెలిసిన ఏదైనా ఒక మత సమూహం వారాన్ని, వారి అనుమతితో గమనించి, ఒక పేజీకి మించకుండా రాయండి.