కొండ దాటిన పుట్టగొడుగు

మెక్సికో కొండల్లో ఒక పేదరాలు రోగుల కోసం దాచుకున్న మందు అది. ఒక పత్రికా కథనంతో లోకమంతా పాకింది. ఆమెకు మాత్రం ఇల్లు కూడా మిగల్లేదు. అదే పుట్టగొడుగులోని రసాయనం మీద ఇప్పుడు పేరున్న ఆసుపత్రులు పరిశోధనలు చేస్తున్నాయి!

తొలకరి వాన పడితే చాలు... పుట్టల పక్కన, పొలం గట్ల మీద పుట్టగొడుగులు లేస్తాయి. తెలంగాణ పల్లెల్లో పుట్టకొక్కులంటూ ఏరుకొచ్చి కూర వండుకుంటారు. తెలియనివి కనిపిస్తే 'కుక్కగొడుగులు... ముట్టుకోకండి' అని పెద్దవాళ్లు పిల్లల్ని హెచ్చరిస్తారు. తినేవి, తినకూడనివి... మనకు తెలిసిన లెక్క ఇంతే.

మెక్సికోలోని మజాటెక్ తెగవారికి మాత్రం మూడో రకం కూడా ఉంది. అది కూరకు కాదు, రోగం ఎందుకొచ్చిందో అడిగి తెలుసుకోవడానికి! వాటిని మామూలు పుట్టగొడుగుల్లా చూడరు. 'పవిత్ర శిశువులు' అంటారు గౌరవంగా. ఆ శిశువులతో మాట్లాడగలదని పేరుపడ్డ మనిషి మరియా సబీనా.

ఆకలేసి తిన్నారు

దక్షిణ మెక్సికోలో వాహాకా రాష్ట్రం. అక్కడి కొండల్లో వావుత్లా అనే ఊరు. సబీనాకు మూడేళ్లప్పుడే తండ్రి పోయాడు. తల్లి ఇద్దరాడపిల్లల్ని తీసుకుని పుట్టింటికి చేరింది. అక్కడా పేదరికమే. ఒకరోజు ఇంట్లో మేనమామకు జబ్బు చేసింది. ఊరి వైద్యుడు రాత్రిపూట వచ్చి పుట్టగొడుగులు తినిపించి, తెల్లవార్లూ పాటలు పాడాడు. పిల్లలిద్దరూ కళ్లప్పగించి చూశారు. కొన్నాళ్లకు కొండమీద అవే పుట్టగొడుగులు కనిపించాయి. కడుపులో ఆకలి. ఇంకేముంది, అక్కాచెల్లెళ్లు తినేశారు. కాసేపటికి ఆకలి మర్చిపోయి పాడటం మొదలుపెట్టారు!

ఈ సంగతులన్నీ ముసలితనంలో ఆమే చెప్పింది. సబీనాకు చదువు రాదు. స్పానిష్ రాదు. మజాటెక్ భాషలో ఆమె చెప్పిన జీవితకథను అదే తెగకు చెందిన అల్వారో ఎస్ట్రాడా రాసిపెట్టుకుని 1977లో పుస్తకంగా తెచ్చారు.

సబీనా వైద్యం ఎప్పుడూ రాత్రిళ్లే. రోగి, బంధువులు చాపల మీద కూర్చుంటారు. ధూపం వేస్తారు. పుట్టగొడుగులను జతలు జతలుగా పంచుతారు. తర్వాత కొవ్వొత్తి ఆర్పేస్తారు. ఆ చీకట్లో ఆమె పాట మొదలవుతుంది... తెల్లారేదాకా ఆగదు. అలాగని చర్చికి దూరమేం కాదు. ఊరి చర్చి సంఘంలో ఆమె సభ్యురాలు. ఏసుప్రభువు, మరియమ్మ, కొండదేవతలు అందరూ ఆ పాటలో కలిసే వస్తారు.

ఈ ఆచారం నిన్నమొన్నటిది కాదు. ఆజ్టెక్‌లు ఇలాంటి పుట్టగొడుగులు తినేవారని 16వ శతాబ్దంలోనే బెర్నార్దినో దె సహగున్ అనే స్పానిష్ సన్యాసి రాశాడు. కానీ దాన్ని దెయ్యాల పనిగా చూశారు స్పానిష్ పాలకులు. దాంతో ఆచారం కొండల్లోకి వెళ్లి దాక్కుంది. బయటి లోకం దాన్ని దాదాపుగా మర్చిపోయింది.

హనీమూన్‌లో మొదలైన గొడవ!

మళ్లీ వెతికి పట్టుకున్నది ఒక బ్యాంకు అధికారి. పేరు గార్డన్ వాస్సన్. న్యూయార్క్‌లో పేరుమోసిన జేపీ మోర్గాన్ బ్యాంకులో ఉపాధ్యక్షుడు. ఆయన భార్య వలెంటీనా రష్యాలో పుట్టిన పిల్లల డాక్టరు. 1927లో హనీమూన్‌కు కొండల్లోకి వెళ్లినప్పుడు ఆవిడ పుట్టగొడుగులు చూసి ఎగిరి గంతేసింది. ఏరుకొచ్చి వండింది. ఆయనేమో ముట్టుకోలేదు. భార్య పొద్దున్నే బతికుంటుందో లేదోనని భయం! ఒకే వస్తువంటే ఒక జాతికి అంత ప్రేమ, మరో జాతికి ఇంత భయం ఎందుకు? ఈ ప్రశ్న పట్టుకుని భార్యాభర్తలు దశాబ్దాలపాటు దేశదేశాల పుట్టగొడుగుల ముచ్చట్లు సేకరించారు. చివరికి ఆ దారి వావుత్లాకు చేరింది.

1955 జూన్ 29 రాత్రి. వాస్సన్, ఫొటోగ్రాఫర్ అలన్ రిచర్డ్‌సన్ సబీనా ముందు కూర్చున్నారు. ఊరి అధికారి ఒకాయన వాళ్లను తీసుకొచ్చాడు. పెద్దమనిషి అడిగాక కాదనలేకపోయానని తర్వాత చెప్పుకుంది సబీనా. వాస్సన్‌కు ఆరు జతలు ఇచ్చింది. కళ్లు మూసినా తెరిచినా రంగురంగుల దృశ్యాలు. రాజభవనాలు, తోటలు, కొండలు... తన ప్రాణం ఒంట్లోంచి బయటికి వెళ్లి ఎగిరినట్టు అనిపించిందట ఆయనకు. ఫొటోలు మాత్రం దగ్గరివాళ్లకు తప్ప చూపించవద్దని సబీనా కోరింది.

1957 మే 13న 'లైఫ్' పత్రికలో పేజీలకు పేజీలు కథనం వచ్చింది. ఆ ఫొటోలతో సహా! సబీనా పేరు, తెగ పేరు మార్చి రాశారు. కానీ అదే ఏడాది వాస్సన్ దంపతులు వేసిన పుస్తకంలో అసలు పేర్లే ఉన్నాయి. ఇక దాచేదేముంది?

మాత్రలోనూ అదే మహిమ

శాస్త్రవేత్తలు రంగంలోకి దిగారు. ఫ్రాన్స్‌కు చెందిన రోజర్ హైమ్ ఆ పుట్టగొడుగులను పారిస్‌లో పెంచాడు. స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీకి పంపాడు. అక్కడ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 32 ఎండు పుట్టగొడుగులను తానే తిని చూశాడు. 1958లో అందులోని అసలు సరుకును విడదీశాడు. అదే సైలోసైబిన్. 1962లో ఆ మాత్రలు పట్టుకుని వాస్సన్‌తో కలిసి సబీనా దగ్గరికే వెళ్లాడు. ఆవిడ వేసుకుని తెల్లవార్లూ పాడింది. పుట్టగొడుగుల్లో ఉన్న శక్తే ఇందులోనూ ఉందని తేల్చేసింది.

అయితే కొండ కింద కథ వేరేలా నడిచింది. 1960ల్లో హిప్పీలు గుంపులు గుంపులుగా వావుత్లాకు వచ్చిపడ్డారు. రోగం లేదు, నియమం లేదు. వేళాపాళా లేకుండా తినేసి వీధుల్లో తిరిగేవారు. తన వాళ్లు జబ్బు నయం కావడానికే తినేవారని, కేవలం దేవుణ్ని చూడటానికి తిన్నవాళ్లు విదేశీయులు రాకముందు లేరని సబీనా వాపోయింది. చివరికి సైన్యం వచ్చి ఊరికి వెళ్లే దారి మూసేసింది. పోలీసులు ఆమె ఇంటిమీద పడ్డారు. రహస్యాన్ని అమ్ముకుందని సొంత ఊరివాళ్లే తిట్టారు. ఆమె ఇంటికి ఎవరో నిప్పుపెట్టారు. పరాయివాళ్లు వచ్చాక పవిత్ర శిశువుల బలం తగ్గిపోయిందన్నదే ఆమెకు అన్నిటికంటే పెద్ద బాధ. 1985 నవంబరులో పేదరాలిగానే కన్నుమూసింది.

పుట్టగొడుగుకూ అదే గతి పట్టింది. అమెరికా 1970లో సైలోసైబిన్‌ను అత్యంత కఠినమైన నిషేధిత జాబితాలో చేర్చింది. 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంతో మిగతా దేశాలూ అదే దారి పట్టాయి. పరిశోధనలు మూలనపడ్డాయి.

గానుగెద్దు ఆగితే...

ఇంతకీ ఒక పుట్టగొడుగు మనిషి మనసునెలా మారుస్తుంది? మన మెదడులో సెరటోనిన్ అనే రసాయనం ఉంది. మూడ్, నిద్ర, ఆకలి... ఇలా చాలావాటిలో దానికి పాత్ర ఉంది. సైలోసైబిన్ ఒంట్లోకి వెళ్లాక సైలోసిన్‌గా మారుతుంది. దాని రూపం అచ్చం సెరటోనిన్‌కు దగ్గరి చుట్టంలా ఉంటుంది. అందుకే సెరటోనిన్ కోసం ఉన్న తాళాల్లో ఇది మారు తాళంచెవిలా దూరిపోతుంది. తలుపు తెరుస్తుంది కానీ మామూలు పద్ధతిలో కాదు. కంటికి, చెవికి అందే సంకేతాల అర్థమే మారిపోతుంది.

లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు సైలోసైబిన్ ఇచ్చి మెదడును స్కాన్ చేసి 2012లో ఫలితాలు ప్రకటించారు. అన్ని దృశ్యాలు కనబడుతున్నాయంటే మెదడు తెగ పనిచేస్తుండాలి కదా? తీరా చూస్తే కొన్ని కీలక కేంద్రాల జోరు తగ్గింది! అవి 'నేను, నా గతం, నా బాధ' అంటూ మనసు తనలో తాను గొణుక్కునేటప్పుడు చురుగ్గా ఉండే ప్రాంతాలు. కుంగుబాటులో ఉన్నవారి మనసు గానుగెద్దులా అదే ఆలోచన చుట్టూ తిరుగుతుంటుంది. ఆ ఎద్దును కాసేపు ఆపగలిగితే కొత్త దారి దొరుకుతుందేమోనన్నది శాస్త్రవేత్తల ఆశ.

ఆ ఆశ మరీ కొత్తదేం కాదు. చనిపోయే దశలో ఉన్న రోగులకు, తాగుడు మానలేనివారికి ఇది పనికిరావచ్చని 1957లోనే వలెంటీనా చెప్పింది. మరుసటి ఏడాదే ఆవిడ క్యాన్సర్‌తో చనిపోయింది. సరిగ్గా అలాంటి క్యాన్సర్ రోగుల మీదే అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్, న్యూయార్క్ విశ్వవిద్యాలయాలు పరీక్షలు చేసి 2016లో ఫలితాలు వెల్లడించాయి. చాలామందిలో చావు భయం, దిగులు తగ్గాయి. ఏ మందులకూ లొంగని కుంగుబాటు ఉన్న 233 మంది మీద జరిగిన మరో పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. ఒకేఒక్క 25 మిల్లీగ్రాముల మోతాదుతో, మూడు వారాల తర్వాత చూస్తే కుంగుబాటు చెప్పుకోదగ్గంత తగ్గింది. ఆస్ట్రేలియా 2023 జులై నుంచి అనుమతి పొందిన సైకియాట్రిస్టులు ఇలాంటి రోగులకు దీన్ని ఇవ్వొచ్చని చెప్పింది.

అయితే ఇదేమీ సంజీవని కాదు. అదే పరీక్షలో చాలామందికి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వంటివి వచ్చాయి. కొందరిలో ఆత్మహత్య ఆలోచనలూ కనిపించాయి. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులు తమకు గానీ కుటుంబంలో గానీ ఉన్నవారిని ఈ పరీక్షలకు సాధారణంగా తీసుకోరు. తీసుకున్నవారి పక్కన కూడా శిక్షణ పొందినవారు గంటల తరబడి కూర్చుంటారు. సబీనా తెల్లవార్లూ రోగిని వదలకుండా కూర్చున్నట్టే! సొంతంగా ఏరుకుని తింటే విషపు పుట్టగొడుగు ప్రాణమే తీయొచ్చు. పైగా మన దేశంలో సైలోసైబిన్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నేరం. ఉమ్మెత్తకాయ తింటే పిచ్చెక్కుతుందని మనకు తెలుసు. అది వేరే విషం, వేరే దారి. కానీ అది నేర్పే పాఠం దీనికీ వర్తిస్తుంది... మనసును కదిలించే మొక్కతో ఆటలొద్దు!

వాటా ఎవరిది?

మందు కంపెనీలు సైలోసైబిన్ తయారీ మీద పేటెంట్లు తీసుకుంటున్నాయి. పసుపుతో గాయం మానుతుందన్న మన ఇంటి వైద్యానికి అమెరికాలో పేటెంటు ఇస్తే, మన శాస్త్రవేత్తలు పోరాడి 1997లో రద్దు చేయించారు. మన పాత పుస్తకాలు, ఆధారాలు అందుకు అక్కరకొచ్చాయి. మజాటెక్‌ల దగ్గరున్నవి పుస్తకాలు కావు, పాటలు.

ఇప్పుడు వావుత్లాకు పర్యాటకులు వస్తారు. చొక్కాల మీద సబీనా బొమ్మ అమ్ముతారు. ప్రయోగశాలల్లో ఆ మందు కొందరి దిగులును తీరుస్తోంది. అది మంచిదే. దగ్గరివాళ్లకు తప్ప చూపించవద్దని ఆ రాత్రి ఆమె కోరిన ఫొటోలు మాత్రం ఇంకా లోకమంతా చూస్తూనే ఉంది.